ఆలిస్ దొరసాని, జైనబీ, బోరున్న ఎకరం

కాగితాల ప్రకారం జైనబీ తన అమ్మానాన్నల నికాకు అయిదేళ్ళ ముందే పుట్టింది.

ఈ సంగతి ఆమెకు ఒక ఆదివారం పొద్దున పదింటికి తెలిసింది. మస్కట్, దార్సైట్‌లో ఒక మూడో అంతస్తు ఫ్లాటు. వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. చెప్పినవాడు సొంత తమ్ముడు ఖాదర్‌వలి. వాట్సాప్‌లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజి పెట్టాడు. వెనకాల మేక అరుస్తోంది.

“అక్కా, సలాం. తప్పుగా అనుకోవద్దు. నాయన తోట పంపకం శుక్రవారం మసీదు కాడ పెట్టినారు. కమిటీ పెద్ద జావెద్ సాబ్ కాగితాలు అడిగినాడు. నీ పాస్‌పోర్టులో పుట్టింది అరవై తొమ్మిది. నాయనకూ అమ్మకూ నికా అయింది డెబ్భై నాలుగు. ఖాజీ పుస్తకంలో రాసి ఉండాది. మరి నువ్వు నాయన బిడ్డవెట్లయితావు? అమ్మకు అంతకుముందు వేరే సంబంధం ఉండిందేమో, మనకేం తెలుసు, చిన్నపిల్లోల్లం. అల్లా దయ వల్ల నీకు మస్కట్‌లో బాగానే జరుగుతాండాది. తోట సంగతి మర్చిపో అక్కా.”

జైనబీ ఆ మెసేజి మూడుసార్లు విన్నది. మూడోసారి ‘వేరే సంబంధం’ అన్న మాట దగ్గర చేతిలో ఉన్న బెండకాయ రెండు ముక్కలు కావలసింది ఏడు ముక్కలైంది.

“ఒరే సచ్చినోడా,” అంది ఫోనుతో. “నన్ను బయటికి నూకేదానికి అమ్మకు ఇంకో మొగుణ్ణి కట్టబెడతావా?”

కడప జిల్లాలో, వేంపల్లె దారిలో మూడెకరాల చీనీ (బత్తాయి) తోట. జైనబీ తండ్రి దస్తగిరి ఈ రంజాన్ దాటాక కన్నుమూశాడు. తల్లి మాబున్ని పోయి ఎనిమిదేళ్ళు. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అది అందరికీ తెలిసిన ధర్మమే. ఖాదర్‌వలికి రెండెకరాలు, జైనబీకి ఒకటి. పేచీ ఎక్కడ వచ్చిందంటే, సర్వేయరు గొలుసు వేసి చూసేసరికి బోరు జైనబీ ఎకరంలోకి వచ్చింది. ఆ నేలలో బోరు లేని ఎకరం బట్టలారేసుకోడానికి తప్ప పనికి రాదు. పైగా ఆ బోరుకు నీళ్ళు పడ్డ రోజు దస్తగిరి ఊరందరికీ బెల్లం పంచి, దానికి ‘జైనబీ బోరు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు తమ్ముడి గొంతులో ముల్లయి కూర్చుంది.

పాస్‌పోర్టు తప్పు. ఆమె నిజంగా పుట్టింది డెబ్భై ఆరులో. తొంభై తొమ్మిదిలో గల్ఫ్‌కు బయలుదేరినప్పుడు ఇరవై మూడేళ్ళది. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదని రూలు. ఏజెంటు ఒక్క సాయంత్రంలో ఆమెకు ఏడేళ్ళు కలిపాడు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాడు. “పెద్దకూతురు ఈ ఏడే పెద్దమనిషైంది సార్ అను. నవ్వొద్దు.” అప్పటికి ఆమె పెద్దకూతురికి పాలపళ్ళు కూడా ఊడలేదు.

ఇప్పుడు పాస్‌పోర్టు తప్పని జైనబీ నోరు తెరిచి అంటే? ఆమె పనిచేసే ఇంటి యజమాని సత్యనారాయణమూర్తి ఒక పెద్ద కంపెనీలో హెచ్చార్ మేనేజరు. ఆమె వీసాకు స్పాన్సరు ఆయనే. తప్పుడు పుట్టినతేదీ బయటపడిందని ఒక క్రేన్ ఆపరేటర్ని అదే వారంలో విమానమెక్కించిన మనిషి.

అనకపోతే? తోట పోతుంది. అమ్మకు చచ్చిపోయాక ఇంకో మొగుడు వస్తాడు.

ఖాదర్‌వలి తెలివైనవాడు. రెండు వైపులా ఉచ్చు వేసి మధ్యలో అక్కను నిలబెట్టాడు.

*

“ఈ గై గాడు ఎందుకు తప్పుకున్నాడో తెలీక చస్తున్నాను!”

ఈ కేక వేసింది స్నిగ్ధ. మూర్తిగారి ఒక్కగానొక్క కూతురు. ఇరవై రెండేళ్ళు. ఇక్కడే అల్ ఖౌద్‌లో ఉద్యోగం చూసుకోమని తండ్రి అంటే, ఆన్‌లైన్‌లో ఒక బ్రిటిష్ యూనివర్సిటీలో ఎమ్మేకు చేరింది. ఏడు వందల ఏళ్ళ నాటి ఇంగ్లండ్ చరిత్ర. లాప్‌టాప్ పట్టుకుని వంటింటి బల్ల దగ్గరికి వచ్చి కూలబడింది. ఆమె నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి జైనబీ ఆ ఇంట్లో ఉంది.

వెనకే తల్లి శేషుకుమారి వచ్చింది. కాకినాడ మనిషి.

“మా మావగారి నాన్నగారి పేరేంటే అంటే నోరెళ్ళబెడుతుంది. ఆ తెల్లదొరసాని ముత్తాత పేరు మాత్రం నిద్రలో లేపినా చెప్పేస్తుంది. ఏ శ్రాద్ధం పెట్టడానికే?”

“మీ మావగారి నాన్నగారి మీద ఎవరూ కోర్టుకెళ్ళలేదమ్మా. వెళ్ళుంటే ఆయన మీదే రాసేదాన్ని.”

“రాజమండ్రి కోర్టులో ఆయన మీద ఆరు కేసులున్నాయి. ఏవనుకున్నావో!” అని శేషుకుమారి గర్వంగా కుక్కర్ చూసుకోవడానికి వెళ్ళింది.

జైనబీకి మాట మార్చడానికి ఏదో ఒకటి కావాలి. “ఎవరు పాపా ఆ దొరసాని?” అంది.

“ఆలిస్ అని. వాళ్ళ నాన్నకు బోలెడు భూమి. మగపిల్లల్లేరు. ఆయన పోయేసరికి ఈమె చిన్నపిల్ల. ఆ రోజుల్లో వారసులు ఈడుకొచ్చేదాకా భూమి చేతికిచ్చేవాళ్ళు కాదు జైనక్కా. అంతదాకా పైవాళ్ళ పెత్తనం, పంట కూడా వాళ్ళే తినేవాళ్ళు. వయసొచ్చింది అని నిరూపించుకోవాలి. బర్త్ సర్టిఫికెట్లు లేవుగా. అందుకని ఊరివాళ్ళు పన్నెండుమంది వచ్చి ప్రమాణం చేయాలి. ఈ అమ్మాయి ఫలానా రోజు పుట్టింది, మాకు గుర్తుంది అని.”

“ఎట్ల గుర్తుంటాది?”

“అదే తమాషా. విను.” స్నిగ్ధ స్క్రీను చూసి చదివింది. “మొదటివాడు: ఆ రోజే నేను గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. రెండోవాడు: ఆ రోజే మా గడ్డివామి తగలబడింది. మూడోవాడు: ఆ రోజే మా అత్తను పాతిపెట్టాం. నాలుగోవాడు: ఆ రోజే నా చెయ్యి విరిగింది…”

జైనబీ కత్తి పక్కన పెట్టింది. “ఒక్క పొద్దులో పన్నెండుమందికి ఇన్ని కష్టాలా? ఆ ఊరికి ఏమన్నా శని పట్టిందా?”

“మా ప్రొఫెసర్లు కూడా అదే డౌటుపడ్డారు.”

“డౌటెందుకు? వాళ్ళకు ఏజెంటు నేర్పిచ్చినాడు.”

“ఏజెంటా?”

“ఏజెంటు లేకుండా వయసెట్ల పెరుగుతాది పాపా! ఎన్నేండ్లు కలిపినారు ఆయమ్మకు?”

స్నిగ్ధ ఆమె వంక వింతగా చూసింది. “రెండేళ్ళు. చిన్నప్పుడే పెళ్ళయింది. మొగుడికి తొందర. భూమి త్వరగా చేతికి రావాలని సాక్షుల్ని పట్టుకొచ్చి రెండేళ్ళు ఎక్కువ చెప్పించాడు. అక్కడే దెబ్బతింది. ఆ తేదీ లెక్క ప్రకారం ఆలిస్ వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళికి ముందే పుట్టినట్టయింది. బాబాయి గై వెంటనే కోర్టుకెక్కాడు. ఈ పిల్ల మా అన్నకు సక్రమంగా పుట్టింది కాదు, భూమంతా నాదే అని.”

జైనబీ ఫోను అందుకుంది.

“ఆయప్ప పేరేమంటివి?”

“గై.”

“కాదు. ఖాదర్‌వలి.”

తమ్ముడి మెసేజి వినిపించింది. స్నిగ్ధ మొదట మేక అరుపుకు నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

“సాక్షుల్ని తెద్దామా జైనక్కా? మీ ఊరి ఆడవాళ్ళు రువిలో, అల్ ఖౌద్‌లో ఎంతమంది లేరు! పన్నెండుమంది దొరుకుతారు. నేనే రాసిస్తాను ఎవరేం చెప్పాలో.”

“నువ్వు గూడా ఏజెంటయిపోతివే! పన్నెండుమంది వచ్చి నేను డెబ్భై ఆరులో పుట్టినానంటే నా పాస్‌పోర్టు దొంగదనే గదా అర్థం. సార్ చెవిన పడితే నా పని ఖలాస్. నేను అనకూడదు. నా పక్క వాళ్ళెవరూ అనకూడదు.” కత్తి మళ్ళీ అందుకుంది. “అది సరే. ఆ గై కేసు ఏమాయె?”

“అదే నా ఏడుపు. ఏడాది నడిచింది. గెలిచేలా ఉన్నాడు. ఉన్నట్టుండి రికార్డులో ఒక్క వాక్యం: గై వచ్చి తన దావా వదులుకుంటున్నానని చెప్పాడు. అంతే. ఎందుకో లేదు. వచ్చే సోమవారంలోపు ఎందుకో చెప్పు, లేకపోతే ఆ అధ్యాయం తీసేయ్ అంటున్నారు మా గైడు.”

జైనబీ రెండు బెండకాయలు తరిగింది. మూడోది తరగబోయి ఆగింది.

“పాపా, ఆలిస్ పుట్టినదానికి పన్నెండుమంది ఉండారు. ఆ గై పుట్టినదానికి ఎవురుండారు?”

స్నిగ్ధ ఒక్క ఉదుటున లేచింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని గదిలోకి పరుగెత్తింది. కుర్చీ కింద పడింది.

జైనబీ కుర్చీ ఎత్తలేదు. ఫోను తీసి సమాయిల్ ఊరికి కొట్టింది.

*

సమాయిల్‌లో ఒక ఖర్జూరపు తోటకు మేస్త్రీ రామాంజనేయులు. ఎవరూ అంత పేరు పిలవరు. ఆంజి. జైనబీ ఊరివాడే, ఖాదర్‌వలితో కలిసి బడి ఎగ్గొట్టినవాడు. తొంభై అయిదులో ఇద్దరూ ఒకే విమానంలో కువైట్ వెళ్ళారు. ఖాదర్‌వలి రెండేళ్ళలో ఇల్లు చేరాడు. ఆంజి ఎడారులు మారి మారి ఒమాన్‌లో తేలాడు.

“ఆంజీ, మా వోడు కువైట్ పోయినప్పుడు వయసెంతరా?”

“పదిహేడక్కా. నాకు పద్దెనిమిది. ఇద్దరికీ మూతి మీద ఈక ల్యా.” ఫోనులో పంపుసెట్టు హోరు, దాని మీద ఆంజి నవ్వు. “పెద్దోళ్ళ మాదిరి కనపడాలని ఏజెంటు ఏం చేసినాడో తెలుసునా? ఫొటో తీసేముందర వాళ్ళ పెండ్లాం కాటుక డబ్బీ తెచ్చి మీ వోనికి మీసం దిద్దినాడు. స్టూడియోలో ఒకటే ఉక్క. ఫొటో పడేలోపల ఎడమపక్క మీసం కారి గెడ్డం మీదికొచ్చె. అట్లనే తీసినారు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆ ఫొటోను చూసి, వీన్ని చూసి, ఇదేంది నాయనా దెబ్బ తగిలిందా అనె!”

“ఏ సంవత్సరం రాసినారో గుర్తుండాదా?”

“లేకేమి. నాకు డెబ్భై రెండు, వానికి డెబ్భై మూడు. నువ్వు వానికంటే ఒక ఏడు పెద్ద, ఆఫీసరడిగితే అట్ల చెప్పండి అన్నాడు. ఎందుకక్కా?”

ఖాదర్‌వలి పుట్టింది డెబ్భై ఎనిమిదిలో. నికా డెబ్భై నాలుగులో. కాగితంలో డెబ్భై మూడు.

జైనబీ ముఖం మీదకు ఒక నవ్వు మెల్లగా, పిల్లి గోడ దిగినట్టు దిగింది.

“ఏం లేదురా. శుక్రవారం కృష్ణుడి గుడికి వస్తావు గదా. అట్లనే ఇంటికి రా. ఖర్జూరాలు తే.”

ఫోను పెట్టేసి కడపకు ఇంకో నంబరు కొట్టింది. పకీరయ్య. చిన్నాయన కొడుకు. అప్పులేదు, పంటాలేదు, ఏ పంచాయతీకి పిలిచినా భోజనం ఉందా అని మాత్రం అడుగుతాడు.

“పకీరన్నా, శుక్రవారం మా పంపకం ఉండాది. నువ్వు గూడా వచ్చి కూచో. ఇంటికి పెద్దమనిషివి.”

“నాకేమొస్తాది అమ్మీ దాంట్లో?”

“రాకుంటే ఎట్ల తెలుస్తాది?” అంది జైనబీ.

*

గురువారం సాయంత్రం ఖాదర్‌వలి రెండో మెసేజి పెట్టాడు. ఈసారి మేక లేదు. గొంతులో తేనె లేదు.

“అక్కా, జవాబియ్యకుంటివి. పాస్‌పోర్టు తప్పంటావా? అను. జావెద్ సాబ్ ముందర అను. నేను గూడా మీ సార్‌కు ఫోన్ చేసి చెప్తా. అర్జంటు పనికని నంబరు నువ్వే ఇచ్చింటివి గదా.”

అది వింటున్నప్పుడు శేషుకుమారి వెనకే నిలబడి ఉంది. జైనబీ చూడలేదు.

“ఏంటే జైనబీ? ఎవడే వాడు? మా ఆయనకు ఫోన్ చేస్తాడా?”

ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పింది. శేషుకుమారి స్టవ్ ఆపి, స్టూల్ మీద కూర్చుని, ఆసాంతం విన్నది. అన్నీ విని ఒక్కటే అడిగింది.

“అయితే నువ్వు నాకంటే చిన్నదానివా?”

“నాలుగేండ్లమ్మా.”

“ఇరవై రెండేళ్ళ నుంచి నువ్వు పెద్దదానివని, లిఫ్టు పాడైతే మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కేది నేనూనా?” అని కాసేపు ఉడికింది. తర్వాత గొంతు తగ్గించింది. “చూడు. ఆయనకు రూలంటే దేవుడి ప్రసాదం. కింద పడితే కళ్ళకద్దుకుంటారు. పాస్‌పోర్టు తప్పని నీ నోట ఆయన విన్నారంటే నేను కూడా ఆపలేను. మాట్లాడేదేదో నీ గదిలో మాట్లాడుకో.”

“నా రూమ్‌లో నెట్ రాదమ్మా. హాల్‌లోనే సరిగ్గా వస్తాది, వంటింట్లో ఆగి ఆగి వస్తాది.”

“శుక్రవారం ఆయన హాల్లోనే ఉంటారే!”

ఇద్దరూ హాల్లోని సోఫా వంక చూశారు. అప్పటికి అది ఖాళీగానే ఉంది. అయినా భయంగానే కనిపించింది.

*

శుక్రవారం ఉదయం పదకొండింటికి స్నిగ్ధ గది తలుపు గోడకు కొట్టుకుంది. అయిదు రోజులుగా తల దువ్వుకోలేదు.

“దొరికాడు! జైనక్కా, గై దొరికాడు!”

“మెల్లగా పాపా. సార్ స్నానంలో ఉండారు.”

“గైకి కూడా చిన్నప్పుడు మేనమామ భూమి కలిసొచ్చింది. వాడూ ఈడుకు రావాలిగా. వాడూ పన్నెండుమందిని తెచ్చాడు. ఒకడు గుర్రం మీంచి పడ్డాడు, ఇంకొకడి గడ్డివామి తగలబడింది, అవే! మూడేళ్ళు ఎక్కువ చెప్పించాడు. ఆ లెక్కన వాడూ వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళికి ముందే పుట్టాడు. సొంత అన్నకంటే రెండేళ్ళు ముందు పుట్టేశాడు వెధవ! ఆలిస్ లాయరు ఏం చేశాడంటే, రాజుగారి ఖజానాలో ఉన్న ఆ పాత సాక్ష్యాల కాగితపు చుట్ట తెప్పించి చదవమని కోర్టును అడిగాడు. అడిగిన నాలుగో రోజుకే గై దావా వదులుకున్నాడు. ఎందుకంటే ఇద్దరూ వారసులు కాకపోతే…”

“భూమి ఎవరికి పోతాది?”

“రాజుకి.”

“మాకు రాజు లేడు,” అంది జైనబీ కొంగు సర్దుకుంటూ. “పకీరయ్య ఉండాడు.”

*

మధ్యాహ్నం ఒంటిగంట. ఊళ్ళో రెండున్నర. జుమ్మా నమాజు అయిపోయింది.

హాల్లో టీపాయ్ మీద బియ్యం డబ్బాకు ఆనించి ఫోను. ఎదురుగా నేల మీద జైనబీ. ఒక పక్క ఆంజి, ఒళ్ళో ఖర్జూరాల సంచీ. ఇంకో పక్క స్నిగ్ధ, చేతిలో నోట్‌బుక్. గుమ్మం దగ్గర శేషుకుమారి, పప్పు గరిటెతో. సోఫాలో సత్యనారాయణమూర్తి, చేతిలో టీవీ రిమోటు.

“ఏమిటి హడావిడి?” అన్నాడాయన.

“వాళ్ళ ఊరి ఆస్తి పంపకం. మీరు క్రికెట్ చూసుకోండి,” అంది శేషుకుమారి.

ఆయన టీవీ పెట్టాడు. సౌండు తగ్గించాడు. అది మంచి లక్షణం కాదు.

ఫోనులో మసీదు వరండా. చాప మీద జావెద్ సాబ్, మసీదు కమిటీ పెద్ద, తెల్లగడ్డం, కళ్ళజోడుకు దారం. ఎడమ పక్క ఖాదర్‌వలి, నెత్తిన కొత్త టోపీ. పోయినేడు హజ్‌కు పోయి వచ్చినప్పటి నుంచి హాజీ ఖాదర్‌వలి అంటేనే పలుకుతున్నాడు. వెనక గోడకు ఆనుకుని పకీరయ్య, కునుకు.

“చెప్పమ్మా జైనబీ,” అన్నాడు జావెద్ సాబ్. “నీ తమ్ముడు ఒక అభ్యంతరం పెట్టినాడు. నాకు చెప్పాలన్నా నోరు రాలేదు. నీ పుట్టుక కాగితం నికా కంటే ముందుదంట.”

“ఆ మాట వాన్నే చెప్పమనండి సాబ్. అందరూ వినేటట్లు.”

ఖాదర్‌వలి చెప్పాడు. బాగా చెప్పాడు. ఆఖర్న గొంతు కూడా కొంచెం వణికించాడు.

“ఒక మాట తమ్ముడూ,” అంది జైనబీ. గొంతు చల్లగా ఉంది. “పాస్‌పోర్టు తప్పయితే?”

హాల్లో టీవీ సౌండు ఇంకాస్త తగ్గింది. శేషుకుమారి గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎట్ల తప్పయితాది?” ఖాదర్‌వలి ముందుకు వంగాడు. దీనికోసమే కాచుకుని ఉన్నాడు. “గవర్మెంటు ముద్ర అక్కా అది. పైన మూడు సింహాలుండాయి. పాస్‌పోర్టులో రాసిందే నిజం. తప్పంటావా నువ్వు? అను మరి!”

“నేనెందుకంటా నాయనా? నువ్వే చెప్పు. పాస్‌పోర్టులో రాసిందే నిజమంటావా?”

“ముమ్మాటికీ.”

“అల్లా మీద?”

“అల్లా మీద! హాజీని నేను, అబద్ధమాడతానా?”

“అయితే సాబ్,” అంది జైనబీ, “నేను గూడా తమ్ముని మాటే ఒప్పుకుంటాండా. పాస్‌పోర్టులో ఉండేదే నిజం. నాకు తోటలో వంతు లేదు.”

స్నిగ్ధ పెన్ను ఆగింది. ఫోనులో ఖాదర్‌వలి నోరు చెవుల దాకా సాగింది.

“అంతే సాబ్. రాయండి,” అన్నాడు.

“రాసేముందర ఒక్క చిన్న పని. నన్ను కాగితం చూసి తీసేస్తిరి. తమ్మున్ని గూడా కాగితం చూసి పెట్టాల గదా? పోయినేడు హజ్‌కు పేర్లిచ్చినప్పుడు కమిటీలో అందరూ పాస్‌పోర్టు నకలు పెట్టినారంట. మీ బీరువాలో ఉంటాది. చూసి సంవత్సరం చదవండి సాబ్. ధర్మానికి.”

ఖాదర్‌వలి నవ్వు ఉన్నచోటే ఎండిపోయింది.

“అదెందుకు ఇప్పుడు? సాబ్‌కు మోకాళ్ళు నొప్పి. లేవొద్దు సాబ్…”

జావెద్ సాబ్ లేచాడు. బీరువా తలుపు కిర్రుమన్న శబ్దం దార్సైట్ దాకా వినిపించింది. ఆయన తిరిగొచ్చి కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. దగ్గరగా పట్టుకుని చూశాడు.

“పంతొమ్మిదొందల డెబ్భై మూడు,” అన్నాడు.

పకీరయ్య ఒక కన్ను తెరిచాడు.

“నికా డెబ్భై నాలుగు,” అన్నాడు జావెద్ సాబ్ నెమ్మదిగా. “ఖాదర్‌వలీ, నువ్వు గూడా దస్తగిరి కొడుకువి కావే!”

“సాబ్!”

“నువ్వే అంటివి గదయ్యా, మూడు సింహాలని. అల్లా మీద గూడా ప్రమాణం చేస్తివి.”

“అట్లయితే దస్తగిరి పెదనాయనకు పిల్లలే లేరు,” పకీరయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. నిటారుగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వెన్ను అంత నిటారుగా ఉండడం ఎవరూ చూడలేదు. “పిల్లలు లేకుంటే తమ్ముని కొడుక్కి వస్తాది గదా సాబ్? అంటే నాకు? మూడెకరాలూ? బోరుతో సహా?”

“ధర్మం అట్లే చెప్తాండాది మరి.”

“అల్లా! అమ్మీ జైనబీ, నీ కడుపు సల్లగుండ! నాకేమొస్తాదని అడిగితిని గదా నేను!”

ఖాదర్‌వలి లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ నిలబడ్డాడు. టోపీ తీసి విసనకర్రలా ఊపుకున్నాడు.

“తప్పు సాబ్! పాస్‌పోర్టు తప్పు! అంతా ఏజెంటు రాసింది! నాకు పదిహేడేండ్లు ఆ పొద్దు, ఇరవై రెండని రాసినాడు!”

“రుజువేముండాది?”

“ఆ ఫొటో చూడండి సాబ్… దీంట్లో కొత్త ఫొటో ఉండాది, పాతదాంట్లో… మీసం…”

“మీసానికేమైంది?”

ఇక్కడ ఆంజి ఫోను ముందుకు జరిగాడు.

“సలాం సాబ్, నేను ఆంజి. ఆ మీసానికి నేను సాక్షి. కాటుక మీసం. ఎడమపక్కది కారిపాయె.”

“ఔ సాబ్! కారిపాయె! ఆంజిగాడు నిజం చెప్తాండాడు!” ఖాదర్‌వలి దాదాపు ఏడుస్తున్నాడు. “నేను పుట్టింది డెబ్భై ఎనిమిది. నాయన కొడుకునే. అల్లా మీద!”

“ఇందాకటి అల్లా మీదనా, ఇప్పటి అల్లా మీదనా?” అన్నాడు జావెద్ సాబ్. “సరే. ఏజెంట్లు వయసులు మారుస్తారంటావు. మరి మీ అక్కది?”

ఖాదర్‌వలి ఫోనులోకి చూశాడు. జైనబీ ఖర్జూరం ఒకటి తీసి, గింజ వేరు చేసి, నోట్లో వేసుకుంది.

వెనక పకీరయ్య అప్పుడే వేళ్ళు మడిచి చెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

“అక్కది గూడా ఏజెంటే సాబ్,” అన్నాడు ఖాదర్‌వలి, గొంతు చాప మీదకు జారి. “ముప్పై లేకుంటే పంపరని ఏడేండ్లు కలిపినాడు. నేనే బస్సెక్కిచ్చి ఏజెంటు కాడికి పిలుచుకపోయినా. నాకు తెలుసు. నాకంటే రెండేండ్లే పెద్ద. నాయన బిడ్డే. అమ్మ బిడ్డే.”

“రాస్తాండా,” అన్నాడు జావెద్ సాబ్. “కొడుకు ఖాదర్‌వలి, కూతురు జైనబీ. పాస్‌పోర్టుల సంగతి మనకెందుకు, రాయను. బోరున్న ఎకరం జైనబీది. నీ రెండెకరాలకు నీళ్ళు కావాలంటే మీ అక్కను అడుక్కో. పకీరయ్యా, నువ్వు పొయ్యి పండుకో.”

“భోజనమన్నా ఉండాదా?” అన్నాడు పకీరయ్య.

*

ఫోను ఆగాక అందరూ సోఫా వంకే చూస్తున్నారు. ఏడేళ్ళు కలిపిన మాట సుస్పష్టంగా, స్పీకరులో, గది అంతా వినిపించింది. జైనబీ నోట రాలేదు గానీ వచ్చింది.

సత్యనారాయణమూర్తి రిమోటు పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. భార్య వంక చూశాడు. ఆమె చేతిలో గరిటె ఇంకా ఉంది. దాన్నీ చూశాడు.

“ఆస్తి పంపకం అయిందా?” అన్నాడు.

“అయింది సార్,” అంది జైనబీ.

“ఏమో. కడప యాస నాకొక్క ముక్క అర్థం కాదు.” ఆయన చెయ్యి చాచి ఆంజి సంచీలోంచి రెండు ఖర్జూరాలు తీసుకున్నాడు. “మీ సమాయిల్‌వేనా? బావున్నాయి.”

టీవీ సౌండు పెరిగింది. శేషుకుమారి గరిటె దించి వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్ణించి అరిచింది. “జైనబీ! రేపటి నుంచి లిఫ్టు పాడైతే మెట్లెక్కేది నువ్వే!”

స్నిగ్ధ సోమవారానికి అధ్యాయం పంపింది. గై దావా ఎందుకు వదులుకున్నాడో మీకు ఎలా తట్టింది అని గైడు అడిగాడు. ఇక్కడ ఒక నిపుణురాలు ఉన్నారు, వయసుల విషయంలో ఆవిడకు ప్రత్యక్ష అనుభవం ఉంది అని రాసింది. ఆ నిపుణురాలితో మాట్లాడవచ్చా అని ఆయన అడిగాడు. జైనబీ కుదరదంది. ఆ రోజు కారపొడి దంచే పని ఉంది.

ఇక మిగిలింది నీళ్ళు. బుధవారం ఖాదర్‌వలి ఫోను చేశాడు. గొంతులో మళ్ళీ తేనె. వెనక మళ్ళీ మేక.

“అక్కా, చెట్లు ఎండిపోతాండాయి. వారానికి మూడు తడులకు ఒప్పుకో అక్కా.”

“ఇస్తా. నాలుగు తడులిస్తా. ఒక పని చేసిరా.”

“చెప్పక్కా.”

“అమ్మ సమాధి కాడికి పో. వీడియో పెట్టు.”

పావుగంటలో వీడియో కాల్ వచ్చింది. ముళ్ళచెట్ల మధ్య మట్టి దిబ్బ, మీద ఎవరో ఉంచిన చీనీకాయ. ఖాదర్‌వలి టోపీ సరిచేసుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా,” అన్నాడు మెల్లగా, “తప్పయింది. నీకు ఒకటే మొగుడు. నాయనే.”

దార్సైట్ వంటింట్లో జైనబీ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించింది. కళ్ళు తుడుచుకుంది. బెండకాయలు ముందుకు లాక్కుంది.

“ఇంకోసారి చెప్పు,” అంది. “గట్టిగా. అమ్మకు చెవుడని తెల్దా నీకు?”